హలేయివా గుడి గేటు బయట ఇద్దరం

హవాయి వెళ్ళాలని నేను అనుకోలేదు. ఆఫీసులో సెలవులు మిగిలిపోయాయి. వాడుకోకపోతే పోతాయని మా సూపర్‌వైజర్ రెండుసార్లు చెప్పాడు. మూడోసారి ఏమీ చెప్పకుండా ఒక ట్రావెల్ ఏజెంటు కార్డు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నా భార్య సుభద్ర పోయి అప్పటికి పది నెలలు. షికాగో దగ్గర మా అరోరాలో తెలుగువాళ్ళ ఇళ్ళు తక్కువే కాబట్టి, నేను హవాయి వెళ్తున్న కబురు సాయంత్రానికల్లా అన్ని ఇళ్ళకీ చేరింది. మా వీధి చివర ఉండే రామ్మూర్తిగారు ఫోన్ చేశారు. "ఏడాది తిరక్కుండా సముద్ర ప్రయాణం ఏమిటయ్యా?" అన్నారు. "సముద్రం ఎప్పుడో దాటేశాం కదండీ, మీరూ నేనూ," అన్నాను. ఆయన, "సరే, వెళ్ళు. గుడికి మాత్రం వెళ్ళకు. మైల మైలే," అన్నారు. వెళ్ళనని మాట ఇచ్చాను. నేను పెద్ద ఆచారపరుణ్ణి కాదు. కానీ ఆ ఏడాది ఎవరేం చెప్పినా సరే అనడం అలవాటయింది.

షికాగో నుంచి లాస్ ఏంజెలిస్‌లో విమానం మారి హోనోలులూ. ఆకాశంలోనే దాదాపు తొమ్మిది గంటలు. వారం మధ్యలో బయల్దేరితే టిక్కెట్టు తగ్గుతుంది. నాకు రానూపోనూ అయిదువందల డాలర్లలోపే పడింది. బుధవారం సాయంత్రం దిగాను. వైకీకీలో సముద్రం కనిపించే గదికి ఒక ధర, కనిపించని గదికి అందులో సగం. సగం ధర గది తీసుకున్నాను. గది బయటికొస్తే సముద్రం ఊరికే కనిపిస్తుంది. ఊరంతా తిరగడానికి సిటీ బస్సు చాలు, డాలరు కూడా కాదు. వీధుల పేర్లు మాత్రం తీరిగ్గా చదువుకోవాలి. కపహూలూ, లికేలికే, కలానియానవోలే. ఏ మాటా హల్లుతో ఆగదు. తెలుగులాగే అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. సుభద్రకి కారులో వెళ్తూ ప్రతి బోర్డూ పైకి చదివే అలవాటుండేది. ఇల్లినాయ్‌లో చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు, అయినా చదివేది. ఇక్కడైతే గొంతు పోయేదాకా చదివి ఉండేది.

గురువారం ఉదయం హోటల్ వెనక కపహూలూ వీధిలో ఒక చిన్న భోజనాల కొట్టు కనిపించింది. నడిపేది హరుయే ఆంటీ. హవాయిలో పెద్దవాళ్ళందరూ ఆంటీలూ అంకుల్సే, మన అరోరా పిల్లలు పిలిచినట్టే. అరవై అయిదేళ్ళుంటాయి ఆవిడకి. తల్లిదండ్రులు చెరకు తోటల్లో పనికి జపాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ ఇక్కడే పుట్టింది. మాంసం తిననని చెప్పాను.

"చేప?"

"తినను."

"గుడ్డు?"

"తినను."

"మరి బతికే ఉన్నావే!" అని లోపలికెళ్ళి, అన్నం ముద్ద ఒకటి సముద్రపు నాచు ఆకులో చుట్టి తెచ్చింది. మధ్యలో ఉప్పులో ఊరిన ఎర్రటి పండు. కొరికితే ఎండు మామిడి ఊరగాయ గుర్తొచ్చింది. పుల్లగా, ఉప్పగా, చెవుల దాకా జిల్లుమంది. ఇంకో రెండు అడిగాను. శాకాహారులు హవాయిలో దీని మీద నిశ్చింతగా వారం బతకొచ్చు.

నేను తింటుండగా లోపలికొచ్చాడు పార్క్. కొరియా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, సొంత వ్యానులో టూరిస్టులను దీవి చుట్టూ తిప్పుతాడు. వాళ్ళ మధ్యాహ్న భోజనం పొట్లాలు ఆంటీ కొట్టులోనే కట్టించుకుంటాడు. పన్నెండేళ్ళుగా ఇదే ఏర్పాటట.

"పార్క్ సాన్, ఇవాళ ఆలస్యం!" అంది ఆంటీ. సాన్ అంటే జపాన్ వాళ్ళకి మన గారు.

"ఇవాళ్టి నుంచి మిస్టర్ పార్క్," అన్నాడతను.

"పన్నెండేళ్ళ నుంచి లేనిది?"

"పన్నెండేళ్ళుగా నేను పేపరు చదవలేదనుకో." కౌంటరు మీదున్న పేపరు తిప్పి ఆవిడ ముందు పెట్టాడు. పైన ఫొటోలో జపాన్ ప్రధాని నల్ల సూటులో, వెనక మంత్రులు. ఆంటీ పేపరు చూడలేదు, పొట్లాలు సర్దడం మొదలుపెట్టింది.

ఏదో ఒకటి అనాలని, "ఇవాళ మా దేశానికి స్వాతంత్ర్య దినం," అన్నాను.

పార్క్ నా వైపు తిరిగాడు. "ఏ దేశం?"

"ఇండియా."

"ఎవరి నుంచి?"

"బ్రిటిష్‌వాళ్ళ నుంచి."

"మాకూ ఇవాళే. జపాన్ నుంచి." నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. "చూశావా," అన్నాడు ఆంటీతో, "శుభాకాంక్షలు చెప్పడానికి ఇండియా నుంచి మనిషి రావలసి వచ్చింది."

"నేను చెప్పేలోపే నువ్వు మిస్టర్ అయిపోయావు!" అంది ఆంటీ.

వివరం తర్వాత తెలిసింది. టోక్యోలో యాసుకునీ అని ఒక గుడి ఉంది. జపాన్ తరఫున యుద్ధాల్లో పోయినవాళ్ళను అక్కడ దేవుళ్ళుగా కొలుస్తారు. అస్థికలుండవు, పేర్లుంటాయి. ఏడేళ్ళ కిందట, యుద్ధ నేరాలకు శిక్షపడ్డ నాయకుల పేర్లు కూడా చప్పుడు లేకుండా అందులో చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నలభై ఏళ్ళయిన రోజున ప్రధాని అక్కడికి వెళ్ళాడు. సొంత మనిషిగా కాదు, ప్రధానిగా, మంత్రులను వెంటేసుకుని. చైనా, కొరియా మండిపడ్డాయి. పేపరులో ఉన్నది అంతే.

పార్క్ కోపానికి పేపరులో లేని కారణం ఒకటుంది. అతని అన్న జిన్‌సు. కొరియా జపాన్ చేతిలో ఉన్న రోజుల్లో బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోయారు. దక్షిణాన ఏదో దీవి దగ్గర ఓడతో పాటు మునిగిపోయాడు. అతని పేరు కూడా ఆ గుడిలో ఉందని ఈ మధ్యే తెలిసింది. అది కూడా అప్పట్లో జపాన్‌వాళ్ళు బలవంతంగా తగిలించిన జపాన్ పేరుతో. ఇంట్లోవాళ్ళను ఎవరూ అడగలేదు. పేరు తీసెయ్యమని అడిగిన కుటుంబాలకి, ఒకసారి చేరిన ఆత్మను విడదియ్యడం కుదరదన్నారట. నేను కాంక్రీటు ఇంజనీరుని. కలిపిన సిమెంటూ ఇసుకా విడదియ్యలేమంటే నమ్ముతాను. మనిషి పేరు విషయంలో ఆ మాట ఎలా నమ్మాలో తెలియలేదు.

ఏటా ఆగస్టులో హరుయే ఆంటీ తన పుట్టిన ఊరు హలేయివాకి వెళ్తుంది. అక్కడి బౌద్ధ గుడిలో బోన్ పండగ. పోయినవాళ్ళు ఆ రోజుల్లో ఇళ్ళకి వచ్చి వెళ్తారని నమ్మకం. వాళ్ళ కోసం నాట్యం చేసి, చీకటి పడ్డాక పేరు రాసిన కాగితపు దీపాలను సముద్రంలో వదిలి సాగనంపుతారు. వెళ్ళేది పార్క్ వ్యానులోనే. సముద్రంలో పోయినవాడికి సముద్రంలోనే దీపం అని, మొదటి ఏడాది నుంచీ జిన్‌సుకి కూడా ఒకటి వదలడం ఆవిడే మొదలుపెట్టింది.

"ఈ ఏడాది మా అన్నకి దీపం వద్దు," అన్నాడు పార్క్ పొట్లాలు ఎత్తుకుంటూ. "ఒక జపాన్ గుడిలో ఇరుక్కున్నది చాలు."

"అది టోక్యో. ఇది హలేయివా."

"గుడి గుడే."

రామ్మూర్తిగారి గొంతు విన్నట్టే అనిపించింది. పండగ ఆ శనివారం. ఆ రోజు ట్రిప్పుకి అప్పుడే నా పేరు చెప్పాను. దీవి చుట్టూ తిప్పి, భోజనంతో కలిపి ముప్ఫై డాలర్లు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి వ్యాను హోటల్ ముందుకొచ్చింది. రావలసిన ఇంకో జంట మానుకున్నారు. ఎప్పుడూ ఆంటీ కూర్చునే ముందు సీట్లో ఆ రోజు ఐసుపెట్టె కూర్చుంది, బెల్టు కూడా పెట్టుకుని. ఆంటీ వచ్చి వెనక నా పక్కన కూర్చుంది. "మిస్టర్ పార్క్‌కి చెప్పు, మొదట పంచ్‌బౌల్ అని," అంది నాతో. పార్క్ అద్దంలో చూస్తూ, "ఆవిడకి చెప్పండి, పన్నెండేళ్ళుగా నాకు దారి తెలుసని," అన్నాడు. సముద్రాలు దాటి వచ్చింది రాయబారానికని అప్పుడర్థమైంది.

పంచ్‌బౌల్ ఊరి మీద చల్లారిన అగ్నిపర్వతపు గిన్నె. లోపలంతా సైనికుల స్మశానం, టిక్కెట్టు లేదు, పొద్దున్నే వెళితే ఎండ ఉండదు. పచ్చిక మీద పలకలు వరసగా, అన్నీ ఒకే కొలత. ఆంటీ ఒక పలక దగ్గర కూర్చుని చేత్తో తుడిచింది. ఇంటిపేరు జపాన్‌ది, ముందు పేరు జార్జ్. ఆవిడ తమ్ముడు. అమెరికా సైన్యంలో చేరి ఇటలీలో పోయాడు. "వీడు అమెరికా యూనిఫారంలో పోయాడు," అంది నాతో, కానీ వినవలసింది వెనక నిలబడ్డ పార్క్. "టోక్యో గుడి తలుపు ఎటు తిరిగి ఉంటుందో కూడా నాకు తెలీదు. వాళ్ళ ప్రధాని ఏదో చేస్తే, ఇతను మిస్టర్ అయినట్టు నేనేమైనా మిసెస్ అయ్యానా?" తర్వాత కాస్త తగ్గి, "మా పిన్ని ఆ టోక్యోలోనే ఉంటుంది. జపాన్ సైన్యంలో పోయిన కొడుకు కోసం ఆ గుడికి వెళ్తుంది. వాడి ఎముక కూడా ఇంటికి రాలేదు. ఆవిడకి వాడు ఇంకెక్కడా లేడు. వెళ్ళొద్దని ఆవిడకి నేను చెప్పలేను," అంది.

పార్క్ వంగి, పలక పక్కన ఎండిన పూలు ఏరి చెత్తడబ్బాలో వేసి వచ్చాడు. ఏటా చేసే పని అనుకుంటాను.

అక్కణ్ణుంచి కొండల మధ్యగా అరగంటలో పాలీ. కొండ అంచు మీద నిలబడితే అవతలి తీరమంతా ఒక్కసారి కనిపిస్తుంది. గాలి ఎంతంటే, నా టోపీ మొదటి నిమిషంలోనే సెలవు తీసుకుంది. "అక్కడ టోపీలు లోయలో గుట్టలుగా ఉంటాయి," అన్నాడు పార్క్ సంతోషంగా. ఆంటీ వ్యానులోనే ఉంది. అప్పుడతను అడిగాడు: "మీ మతంలో, మీ మనిషికి ఇంకెవరో వచ్చి పూజ చేస్తే ఏమంటారు?"

ఆలోచించి చెప్పాను. "మా దగ్గర పోయినవాళ్ళకి ఏటా అన్నం పెడతాం. పెట్టేవాడు పోయినవాళ్ళ పేరూ, గోత్రం, అంటే వంశం, చెప్పి పెట్టాలి. సొంతవాళ్ళే చెప్పాలి. పేరు తప్పు చెబితే ఆ అన్నం వాళ్ళకి అందదంటారు."

"మేమూ ఏటా అన్నం పెడతాం. ఇప్పుడు ఇంటికి పెద్దవాణ్ణి నేనే," అన్నాడు. "మరి వేరే పేరుతో ఎవరో పెడుతుంటే ఆ అన్నం ఎవరికి వెళ్తోంది?"

"తెలియదు. మా పురోహితులకి కూడా ఈ ప్రశ్న వచ్చి ఉండదు."

"రాకపోతే అదృష్టవంతులు," అన్నాడు.

తర్వాత రోడ్డంతా సముద్రాన్ని పట్టుకునే నడుస్తుంది. కుడివైపు కూర్చోండి. కువలోవా పార్కులో చెట్ల కింద భోజనం. నాకు అన్నం ముద్దలు నాలుగు, వాళ్ళిద్దరికీ వేయించిన కోడి. ఒకే చాప మీద కూర్చుని నా ద్వారా ఉప్పు అడుక్కున్నారు. ఉత్తర తీరంలో చలికాలం తాటిచెట్టంత అలలు వస్తాయట. ఆగస్టులో మాత్రం సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది, ఈత రానివాళ్ళు కూడా మోకాలి దాకా దిగొచ్చు. దిగాను. నాలుగున్నరకి హలేయివా చేరాం. అక్కడ మంచు గీకి రంగు పానకం పోసిచ్చే కొట్టు దగ్గర బారెడు వరస. అడుగున ఉడికించిన తీపి చిక్కుడు గింజలు వేయించుకోండి, వింతగా ఉంటుంది కానీ బాగుంటుంది. నా నాలుక నీలం, పార్క్‌ది ఎరుపు, ఆంటీది పసుపు. ముగ్గురం కాసేపు జెండాలా ఉన్నాం.

గుడి సముద్రం ఒడ్డునే. లోపల ఆవరణలో చెక్కతో కట్టిన మంచె, దాని మీద పెద్ద డప్పు, చుట్టూ దీపాల తోరణాలు. ముసలివాళ్ళూ పిల్లలూ గుండ్రంగా తిరుగుతూ, రెండడుగులు వేసి, చేతులు తిప్పి, చప్పట్లు కొడుతున్నారు. సుభద్ర వరంగల్ పిల్ల. ఏటా అరోరాలో ఎవరో ఒకరి గరాజ్‌లో బతుకమ్మ ఆడించేది. పూలు దొరక్కపోతే కిరాణా కొట్టులో పూలగుత్తులు కొని పేర్చేది. పోయిన ఏడాది ఆడలేదు. కుర్చీలో కూర్చుని పాడింది.

ఆంటీ సామాను తీసుకుని లోపలికి వెళ్ళింది. పార్క్ వ్యానును గేటుకి ఎదురుగా ఆపి, దిగలేదు. నేను దిగి గేటు దాకా వెళ్ళి ఆగాను. రామ్మూర్తిగారికి ఇచ్చిన మాట. డప్పు వినడానికి బయట నిలబడ్డా తేడా లేదు.

కాసేపటికి ఆంటీ పండగ కిమోనో కట్టుకుని, విసనకర్రతో బయటికొచ్చింది. వ్యానులో ఒకణ్ణి, గేటు బయట ఒకణ్ణి చూసింది. మొహం ఎర్రబడింది.

"నువ్వు కూడానా?" అంది నాతో. "రోజంతా పక్కన కూర్చుని నా అన్నం తిన్నావు. అతను ఏం నూరిపోశాడు నీకు పాలీ మీద?"

"ఏమీ లేదు ఆంటీ."

"మరి జపాన్ ప్రధాని మీ ఇండియాని ఏమన్నాడు?"

"ఆయనతో నాకు ఏ గొడవా లేదు. నేను లోపలికి రాకూడదు."

"ఎందుకు రాకూడదు?"

"నా భార్య పోయి ఏడాది నిండలేదు. నిండేదాకా మేం గుడికి వెళ్ళం. పండగ చెయ్యం. దూరంగా ఉంటాం."

ఆ దీవిలో ఎవరికైనా ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆంటీ చేతిలో విసనకర్ర ఊగడం ఆగింది.

"ఏడాది నిండలేదా," అంది నెమ్మదిగా. "అయితే ఇది ఆవిడకి మొదటి బోన్. పిచ్చివాడా, మొదటి ఏడాదివాళ్ళ కోసమే ఈ పండగంతా. ఎవరింట్లో మనిషి కొత్తగా పోయారో వాళ్ళను ముందు పిలుస్తాం. నువ్వు బయట నిలబడితే ఆ డప్పు ఎవరికి కొడుతున్నట్టు?"

"నేను రామ్మూర్తిగారికి మాట ఇచ్చాను."

"ఎవరాయన, మీ పూజారా?"

"కాదు. మా వీధి చివర ఉంటారు."

వ్యానులోంచి ఒక నవ్వు వినిపించింది. పార్క్ స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వుతున్నాడు. ఆ రోజంతా అతను నవ్వింది టోపీ ఎగిరినప్పుడు, మళ్ళీ ఇప్పుడు.

"ఇక్కడే ఉండు," అని ఆంటీ లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో రెండు కాగితపు దీపాలు, కుంచె, సిరా గిన్నె. అన్నీ వ్యాను బానెట్ మీద పెట్టింది. "నువ్వు లోపలికి రాలేవు, సరే. దీపం బయటికి వచ్చింది. పేరు చెప్పు, పూజారిగారితో రాయించుకొస్తాను. ఆయన చేతిరాత ముత్యాలే."

"పేరు నేనే రాస్తాను."

"కుంచె పట్టావా ఎప్పుడైనా?"

"లేదు. కానీ మా వాళ్ళ పేరు నేనే చెప్పాలి."

మొదటి అక్షరం ముద్దయిపోయింది. ఆంటీ కాగితం మార్చింది. రెండోసారి నిదానంగా రాశాను. సుభద్ర. కింద, కౌండిన్య గోత్రం. వత్తు దగ్గర కొంచెం కారింది కానీ చదవడానికి వస్తోంది. ఆ పేరు నా చేత్తో రాసి చాలా నెలలయింది. ఆసుపత్రిలో అడిగిన చోటల్లా ఇంగ్లీషులో రాశాను.

"ముడిపడ్డ నూడుల్స్‌లా ఉంది," అంది ఆంటీ ఆసక్తిగా. "మీ భాషేనా?"

"మా భాషే."

పార్క్ ఎప్పుడు దిగాడో, నా భుజం మీదుగా చూస్తున్నాడు. "ఇన్నేళ్ళూ మా అన్న పేరు ఎవరు రాశారు?" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆవిడతో నేరుగా అన్న మొదటి మాట.

"పూజారిగారు."

"ఏ అక్షరాల్లో?"

"చైనా అక్షరాల్లో. మాకు అవే, మీకూ పేర్లు వాటిల్లో రాయొచ్చు కదా, నువ్వే చెప్పావు ఒకసారి."

"రాయొచ్చు," అన్నాడు. "టోక్యోలో కూడా వాటిల్లోనే రాసి ఉంటారు."

జార్జ్ దీపం అప్పటికే లోపల సిద్ధంగా ఉంది. బానెట్ మీద మిగిలిన రెండో దీపం ఎవరిదో నాకప్పుడు తెలిసింది. ఆవిడ దాన్ని అతని వైపు జరిపింది. "నువ్వు వద్దన్నావు. అయినా తెచ్చాను. ఖాళీగానే ఉంది. ఖాళీగా వదలమంటే ఖాళీగా వదులుతాను. అసలు వద్దంటే ఇంటికి తీసుకుపోయి దాచుతాను. పారెయ్యమని మాత్రం అనకు."

లోపల పాట మారింది. పార్క్ నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. కుంచె పట్టడం అతనికి నాకంటే బాగా వచ్చు. నిలువు గీత, అడ్డ గీత, ఒక వాలు గీత. కొరియా అక్షరాలు మూడే మూడు. రాసి, దూరంగా జరిగి చూసి, పైకి చదివాడు: "పార్క్ జిన్‌సు."

"గోత్రం?" అన్నాను.

నవ్వి, పక్కన చిన్నగా తన వంశం పుట్టిన ఊరు రాశాడు. వాళ్ళకీ అలాంటిది ఒకటి ఉందట.

"లోపలికి మాత్రం రాను," అన్నాడు ఆంటీతో.

"రావద్దు. సముద్రం ఇటు నుంచి కూడా ఉంది," అని గోడ పక్కన సన్నదారి చూపించింది. "సముద్రాన్ని ఇంకా ఏ పూజారీ కొనలేదు."

మేమిద్దరం దీపాలు పట్టుకుని గోడ వెంబడి నడిచాం. గుడివాళ్ళు వెనక గేటు తీశారు. నాట్యం చేసేవాళ్ళంతా దీపాలతో ఇసుకలోకి వచ్చారు. డప్పు లోపలే మోగుతోంది, జనం ఒడ్డున కూడా గుండ్రంగా తిరుగుతున్నారు. ఆంటీ నా మోచెయ్యి పట్టి వరసలోకి లాగింది. "చూసి నేర్చుకో. రెండడుగులు, చేతులు ఇలా, ఇక్కడ చప్పట్లు." చప్పట్లు ఎక్కడ కొట్టాలో నాకు ముందే తెలుసు. అరోరా గరాజుల్లో మూల కుర్చీలో కూర్చుని ఏళ్ళ తరబడి చూసిందే. రెండు చుట్లు తిరిగాను. ఇసుకలో నా బూటు ఒకటి ఊడిపోయింది. పార్క్ దాన్ని తీసి పట్టుకుని, ఒడ్డున నిలబడి నా నాట్యానికి వంక పెట్టాడు.

చీకటి పడుతుండగా దీపాలు నీళ్ళలోకి దిగాయి. జిన్‌సు దీపాన్ని పార్క్ నడుం దాకా వెళ్ళి వదిలాడు. అది వెంటనే కదిలిపోయింది. జార్జ్ దీపం రాయికి తట్టుకుని ఆగింది. ఆంటీ కిమోనో అంచు పైకెత్తి నీళ్ళలోకి దిగి, "ఎప్పుడూ వీడు ఆలస్యమే!" అని తిట్టి నెట్టింది. నాది అలల మీద ఒకసారి వెనక్కొచ్చి, నా మోకాలికి తగిలి, మళ్ళీ బయల్దేరింది. పేరు కనిపించినంతసేపూ పైకి చదివాను. ఎవరూ వింతగా చూడలేదు. పక్కన అందరూ ఏదో ఒకటి చదువుతున్నారు.

తిరుగుదారిలో ఐసుపెట్టె వెనక నా పక్కకి వచ్చింది. ఆంటీ ముందు కూర్చుంది. అనాస తోటల మధ్య దారి, గంట లోపే హోనోలులూ.

"మిస్టర్ పార్క్, ఏసీ తగ్గించు," అంది ఆంటీ.

"పార్క్ చాలు," అన్నాడతను. "సాన్ సంగతి వచ్చే ఏడాది ఆలోచిద్దాం." ఏసీ తగ్గించాడు.

అరోరా వచ్చాక రామ్మూర్తిగారు అడిగారు, గుడికి వెళ్ళలేదు కదా అని. నేను వెళ్ళలేదు, గుడే బయటికొచ్చిందని చెప్పాను. ఆయన ఫోనులో చాలాసేపు ఆలోచించి, "దానికి శాస్త్రంలో అభ్యంతరం ఉన్నట్టు లేదు," అన్నారు. ఇది రాస్తుండగా బీజింగ్‌లో విద్యార్థులు ఆ టోక్యో గుడి మీద కోపంతో వీధుల్లోకి వచ్చారని పేపరులో చదివాను. ప్రభుత్వాలు ఒకదానికొకటి ఏం రాసుకుంటాయో నాకు తెలియదు. ఒక దేశం తనవాళ్ళను తలుచుకోవడంలో తప్పు కనిపించదు. హరుయే ఆంటీ పిన్నిని ఎవరు వద్దంటారు? కానీ పక్కింటివాళ్ళ మనిషిని అడక్కుండా, వాళ్ళు పెట్టని పేరుతో, వాళ్ళను చంపించినవాళ్ళ పక్కన కూర్చోబెట్టి దండం పెడితే, ఆ దండం వాళ్ళకి దెబ్బలాగే తగులుతుంది. పార్క్‌కి ఆ ఏడాది జపాన్ క్షమాపణ దొరకలేదు. ఒక కుంచె దొరికింది, ఖాళీ కాగితం పట్టుకుని ఎదురుచూసే మనిషి దొరికింది. నాకు కూడా.

వచ్చే ఆగస్టులో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. దీపం కావాలంటే గుడివాళ్ళకి ముందే చెప్పండి, తోచినంత ఇస్తే చాలు. పేరు మాత్రం మీరే రాయండి, మీ అక్షరాల్లో. కుంచె చేతకాకపోతే మందంగా రాసే నల్ల మార్కరు ఇంటి నుంచి తీసుకెళ్ళండి, పేరు కాగితం నిండా పెద్దగా రాయండి. నేను చిన్నగా రాశాను. ఒడ్డు నుంచి ఇంకొంచెంసేపు చదవగలిగి ఉండేవాణ్ణి.